దుకాణం తాళాలు ఇంట్లోనే ఉండాలి

సాంచా మనది, చేతులు మనవి, బజారు మాత్రం వేరేవాళ్లది. సోలాపూర్‌లో స్థిరపడ్డ మన తెలుగు ఇళ్లలో తాతల నాటి నుంచీ ఇదే లెక్క. తాత గిర్నీలో పనిచేశాడు. గిర్ని మూతపడ్డాక తండ్రి నాలుగు సాంచాలు పెట్టుకున్నాడు. కొడుకు వ్యాపారి ఇచ్చిన నూలుతో మజూరీ మీద టవళ్లు నేస్తున్నాడు. నేసిన సరుకు ఏ ఊరు పోతుందో, అక్కడ ఎంతకు అమ్ముడవుతుందో నేసినవాడికి తెలియదు.

ఈ లెక్క కొంచెమైనా మారాలని మనవాళ్లు కొందరు కొన్నేళ్ల కిందట ఆన్‌లైన్‌లో చిన్న దుకాణాలు తెరిచారు. అప్పుడు తెరిచిన దుకాణాలకు ఇప్పుడు వయసు మీద పడింది. ఫోన్‌లో పేజీ సరిగా తెరుచుకోదు. డబ్బు కట్టే చోటికి వచ్చి ఆగిపోతుంది. కట్టిచ్చిన డెవలపర్ ఫోను ఎత్తడు. ఇంకొకరిని అడిగితే మొదటి నుంచీ కట్టాలి, ఎనభై వేలు అవుతుందంటారు.

ఆ ఎనభై వేలు ఇవ్వకుండా ఇంట్లోనే దుకాణాన్ని మళ్లీ కట్టుకున్న ఒక కుటుంబం గురించి ఈ నెల రాస్తున్నాం. కట్టింది ఆ ఇంటి కోడలు. బీకాం చదివింది, కంప్యూటర్ కోర్సు ఏదీ చేయలేదు. పగలు పిల్లల బడి, వంట, సరుకు ప్యాకింగు, రాత్రి తొమ్మిది తర్వాత ఈ పని. అలా రెండున్నర నెలలు పట్టింది. పేరు వేయొద్దన్నది కాబట్టి "కోడలు" అనే రాస్తున్నాం.

నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలించాలి?

ఆమె మామగారు మొదట అడిగింది ఈ మాటే. "నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలిస్తవు బిడ్డా?" అన్నాడు.

"అది నడుస్తలేదు మామా, ఈడుస్తున్నది. పోయిన దీపావళికి డబ్బులు కట్టే కాడిదాంక వచ్చి ఎంతమంది వాపసు పోయిన్రో చూడు" అని ఆమె లెక్క తీసి చూపించింది.

సాఫ్ట్‌వేర్ కూడా సాంచా లాంటిదే. తయారుచేసినవాళ్లు స్పేర్ పార్టులు ఇవ్వడం మానేస్తే కొన్నాళ్లు నడుస్తుంది, ఆ తర్వాత ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. ఆగడం ఒక్కటే అయితే ఫరవాలేదు, భద్రత కూడా పోతుంది. మజెంటో అనే పేరున్న దుకాణం సాఫ్ట్‌వేర్ సంగతే చూడండి. దాని మొదటి వెర్షన్ 2008లో వచ్చింది. 2020 జూన్ 30తో దానికి మరమ్మతులు ఇవ్వడం ఆపేశారు. మూడు నెలలైనా తిరగకముందే, ఆ సెప్టెంబరులో ఒక్క వారాంతంలో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 2,000 దుకాణాల్లోకి దొంగలు చొరబడ్డారు. వాటిలో ఎక్కువ భాగం ఆ పాత వెర్షన్ మీద నడుస్తున్నవే. డబ్బు కట్టే పేజీలో చిన్న కోడ్ దూర్చి, కొనేవాళ్లు కొట్టే కార్డు వివరాలు లాగేశారు. తాళం పాడైన కొట్టులో మన సరుకే కాదు, మనల్ని నమ్మి వచ్చినవాళ్ల జేబు కూడా పోతుంది.

మొదటి పని: తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి?

కొత్త దుకాణం ఎలా ఉండాలో ఆలోచించకముందే కోడలు ఒక నోట్‌బుక్ తీసుకుని నాలుగు ప్రశ్నలు రాసుకుంది. వెబ్‌సైట్ పేరు ఎవరి పేరున రిజిస్టర్ అయింది? హోస్టింగ్ ఖాతా ఎవరిది? డబ్బు వచ్చే పేమెంట్ గేట్‌వే ఖాతాకు ఓటీపీ ఏ ఫోనుకు వస్తుంది? ఈ ఖాతాలన్నీ ఏ ఈమెయిల్‌తో తెరిచారు?

జవాబులు చూసి ఇంట్లోవాళ్లు నివ్వెరపోయారు. పేమెంట్ ఖాతా ఒక్కటే తమ పేరున ఉన్నది. వెబ్‌సైట్ పేరు, హోస్టింగ్ రెండూ పాత డెవలపర్ ఈమెయిల్ మీద ఉన్నాయి. అతను చెడ్డవాడేం కాదు, పని తొందరలో తన ఖాతాలోనే తెరిచాడు, తర్వాత ఊరు మారాడు. అయినా తొమ్మిదేళ్లు చద్దర్ల మీద కుట్టే లేబుల్‌పై అచ్చువేయించిన పేరు, లెక్క ప్రకారం వేరేవాళ్ల సొత్తుగా ఉన్నట్టే.

వెబ్‌సైట్ పేరును ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చుకోవడానికి ఒక రహస్య కోడ్ ఉంటుంది. పేరు ఎవరి ఖాతాలో ఉంటే వాళ్లే ఆ కోడ్ తీసి ఇవ్వాలి. ఆ కోడ్ కోసం మూడు వారాలు ఫోన్లు చేసింది. కోపంగా ఒక్క మాటా అనలేదట. "అన్నా, నీ పని నచ్చకపోవుడు కాదు, ఇంటి కాగితాలు ఇంట్ల ఉండాలని అడుగుతున్న" అన్నది. నాలుగోసారి కోడ్ వచ్చింది. పేరు మామగారి మీద, ఇంటి ఈమెయిల్‌తో మారింది. గడువు ఎప్పుడు తీరుతుందో క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో గుర్తుపెట్టుకున్నారు. గడువు దాటి పట్టించుకోకపోతే పేరు చేజారుతుంది, ఇంకెవరైనా కొనుక్కోవచ్చు.

ఈ అడుగు దాటకుండా తర్వాతి పనికి పోవద్దని ఆమె గట్టిగా చెప్తున్నది. వేదిక ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. పేరు పోతే మాత్రం మళ్లీ మొదటికే.

కిరాయి కొట్టా, సొంత జాగానా?

కొత్త వేదికల్లో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. మొదటిది కిరాయి కొట్టు లాంటిది. షాపిఫై ఈ రకం. నెలనెలా అద్దె కడితే తాళాలు, కరెంటు, మరమ్మతు అన్నీ వాళ్లే చూసుకుంటారు. దాని పుట్టుక కూడా మనలాంటి కథే. 2004లో కెనడాలోని ఒట్టావాలో టోబియాస్ లుట్కే అనే ప్రోగ్రామర్, ఇంకొందరు కలిసి మంచు మీద జారే పలకలు ఆన్‌లైన్‌లో అమ్మాలనుకున్నారు. అప్పట్లో దొరికే దుకాణం సాఫ్ట్‌వేర్లు నచ్చక, తన దుకాణాన్ని తనే రాసుకున్నాడు. పలకల కంటే ఆ సాఫ్ట్‌వేరే బాగుందని 2006లో దాన్ని అందరికీ ఇచ్చారు.

రెండోది సొంత జాగాలో కట్టుకునే కొట్టు. వర్డ్‌ప్రెస్ మీద నడిచే వూకామర్స్ ఈ రకం. 2011లో వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉచితం, హోస్టింగ్ మాత్రం మనం కొనుక్కోవాలి. అప్‌డేట్లు వేయడం, బ్యాకప్ తీయడం మన బాధ్యత. నెల అద్దె లేదు, కానీ కాపలా మనదే.

కోడలు రెండోది ఎంచుకుంది. వారానికి ఒక గంట కాపలాకు ఇవ్వగలనని లెక్కేసుకున్నాకే ఎంచుకుంది. "గంట కూడ తీయలేనోళ్లు కిరాయిదే తీసుకోవాలె, అండ్ల సిగ్గేం లేదు" అంటున్నది. ఏది తీసుకున్నా ఒకటి చూసుకోవాలి. రేపు వదిలిపోవాలనుకుంటే సరుకు జాబితా, కొనేవాళ్ల జాబితా, ఆర్డర్ల లెక్క ఫైళ్లుగా బయటికి తీసుకోనిస్తుందా? తీసుకోనివ్వని చోట కొట్టు పెట్టొద్దు.

సరుకు జాబితాలోనే సగం పని

పాత దుకాణం నుంచి సరుకు జాబితాను సీఎస్‌వీ ఫైలుగా దించుకుంది. అది మనం వాడే పట్టికల్లాంటిదే, ఒక్కో వరుసలో ఒక్కో సరుకు. తెరిచి చూస్తే ఒకే టవలు మూడు పేర్లతో ఉన్నది, నేయడం మానేసిన చద్దర్లు అలాగే ఉన్నాయి, కొన్నింటికి బరువు లేదు. అత్తగారు పక్కన కూర్చుని "ఇది బంద్ చేసినం, ఇది వేరే అంచు" అని చెప్తుంటే నాలుగు రాత్రులు వరుసలు సరిచేసింది. 140 వరుసలు 62 అయ్యాయి.

ఇక్కడ ఆమె చెప్పిన జాగ్రత్తలు ఎవరికైనా పనికొస్తాయి. ఫైలును పట్టికల ప్రోగ్రాంలో తెరిస్తే, 91తో మొదలయ్యే పెద్ద ఫోన్ నంబర్లను అది ఇష్టమొచ్చినట్టు కుదించి 9.19ఈ+11 అని చూపిస్తుంది. అలాగే సేవ్ చేస్తే నంబర్లు పోయినట్టే. ముందే ఆ గడులను అక్షరాలుగా మార్చుకోవాలి. తెలుగులో, మరాఠీలో రాసిన పేర్లు ప్రశ్నార్థకాలుగా మారకుండా యూటీఎఫ్-8 అనే పద్ధతిలో సేవ్ చేయాలి. అసలు ఫైలును ముట్టుకోవద్దు, నకలు మీదే పని చేయాలి. మొత్తం ఒకేసారి ఎక్కించకుండా ముందు ఐదు సరుకులు ఎక్కించి చూడాలి.

రంగులు, సైజులు ఉన్న సరుకును ఒక్కో రంగుకు ఒక్కో పేజీ కాకుండా, ఒకే పేజీలో ఎంచుకునేట్టు పెట్టింది. ఫొటోలు మిద్దె మీద పొద్దుటి నీడలో తన ఫోనుతోనే తీసింది. ఫోను తీసిన ఫొటో నాలుగైదు ఎంబీలు ఉంటుంది. అలాగే పెడితే పల్లెలో సిగ్నల్ సరిగా లేని చోట పేజీ తెరుచుకోదు. ఒక్కోదాన్ని 200 కేబీ లోపుకు కుదించింది. చద్దరు ఎంత పెద్దదో అర్థం కావడానికి మంచం మీద పరిచిన ఫొటో ఒకటి తప్పకుండా పెట్టింది. సైజు అర్థం కాక వాపసు వచ్చేవే ఎక్కువ అని పాత ఆర్డర్లు చూసి తెలుసుకుంది.

తూకం ఒకటి, కొరియర్ లెక్క ఇంకొకటి

చద్దరు, టవళ్ల వ్యాపారంలో లాభం తినేది కొరియరే. చాలా కొరియర్లు అసలు బరువును, పెట్టె సైజు బరువును పోల్చి ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5,000తో భాగిస్తారు.

కిలోన్నర చద్దరును 40, 30, 15 సెంటీమీటర్ల పెట్టెలో పెట్టారనుకోండి. గుణిస్తే 18,000, భాగిస్తే 3.6 కిలోలు. అదే చద్దరును గట్టిగా మడిచి ఎత్తు 8 సెంటీమీటర్లకు తెస్తే 1.92 కిలోలు. సరుకు ఒకటే, చార్జీలో దాదాపు సగం తేడా. ఈ లెక్క తెలిశాక మామగారే మడత నేర్పారు. గిర్నీలో బేళ్లు కట్టిన చేతులు కదా. పాత దుకాణంలో దేశమంతటికీ ఒకటే చార్జీ ఉండేది. కొత్తదాంట్లో మహారాష్ట్ర, తెలంగాణ, మిగతా రాష్ట్రాలు అని మూడు భాగాలు చేసి, బరువును బట్టి రేట్లు పెట్టింది.

డబ్బు వచ్చే దారి

కొనేవాళ్ల కార్డు నంబరు మన దగ్గర దాచుకోకూడదు. 2022 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నియమం అదే. కార్డు వివరాలు పేమెంట్ గేట్‌వే పేజీలోనే కొట్టించుకోవాలి. ప్రతి గేట్‌వేకూ టెస్ట్ మోడ్ ఉంటుంది. అందులో ఉత్తుత్తి డబ్బుతో కొనుగోలు, కట్టడం ఫెయిలవడం, రద్దు, వాపసు అన్నీ చేసి చూసింది. తర్వాత అసలు మోడ్‌కు మార్చి, మరిదితో పది రూపాయల సరుకు కొనిపించి, ఆ పది రూపాయలు వాపసు ఇచ్చి చూసింది. డబ్బు పోవడం ఒక్కటే చూస్తే చాలదు, తిరిగి రావడం కూడా చూడాలి అంటున్నది.

పాత దారులను అతకడం

మొదటి నుంచీ కట్టుకునేవాళ్లు చాలామంది వదిలేసే పని ఇది. పాత దుకాణంలో ప్రతి సరుకుకూ ఒక చిరునామా ఉండేది. ఆ లింకులు కొనేవాళ్ల వాట్సాప్‌లో ఉన్నాయి, గూగుల్‌లో ఉన్నాయి. కొత్త వేదికలో చిరునామాలు మారిపోతాయి. పాత లింకు నొక్కినవాళ్లకు "పేజీ లేదు" అని వస్తే దుకాణం మూసేశారనుకుంటారు.

సాంచా మీద పడుగు అయిపోయినప్పుడు ఏం చేస్తాం? పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతుకుతాం. ఒక్క పోగు వదిలినా గుడ్డలో గీత పడుతుంది. ఇదీ అంతే. కోడలు రెండు వరుసల పట్టిక చేసింది. ఎడమ పక్క పాత చిరునామా, కుడి పక్క కొత్త చిరునామా. నేయడం మానేసిన సరుకు చిరునామాలను దానికి దగ్గరి సరుకు వైపు తిప్పింది. దీన్ని 301 రీడైరెక్ట్ అంటారు. ఈ చిరునామా శాశ్వతంగా అక్కడికి మారిందని గూగుల్‌కు కూడా దీంతోనే తెలుస్తుంది. ఇది పెట్టే ఉచిత ప్లగిన్లు వర్డ్‌ప్రెస్‌లో ఉన్నాయి.

పాస్‌వర్డ్‌లు మాత్రం చాలాసార్లు ఒక వేదిక నుంచి ఇంకో వేదికకు పనికిరావు. అందుకని పాత కొనుగోలుదారులందరికీ "దుకాణం కొత్తగా కట్టుకున్నాం, పాస్‌వర్డ్ మళ్లీ పెట్టుకోండి, మేము ఎవరినీ ఓటీపీ అడగం" అని సందేశం పంపింది. ఖాతా లేకుండానే కొనే వీలు కూడా పెట్టింది.

తెరిచే రోజు

దీపావళి, పెళ్లిళ్ల సీజను వదిలేసి, ఆర్డర్లు తక్కువగా వచ్చే ఒక మంగళవారం రాత్రి ఎంచుకుంది. రెండు రోజుల ముందే డీఎన్‌ఎస్ సెట్టింగుల్లో టీటీఎల్ అనే గడువును తగ్గించింది. అలా చేస్తే కొత్త చోటికి మారిన సంగతి అందరి ఫోన్లకూ తొందరగా చేరుతుంది. ఆ రాత్రి పాత దుకాణంలో ఆర్డర్లు ఆపి, చివరి లెక్కలు దించుకుని, పూర్తి బ్యాకప్ తీసి, అప్పుడు పేరును కొత్త దుకాణానికి తిప్పింది. పాత హోస్టింగును ఇంకో రెండు నెలలు ఉంచింది.

ఇంకో చిన్న గుర్తు ఉన్నది, మరిచిపోతే పెద్ద నష్టం. కట్టేటప్పుడు కొత్త దుకాణం గూగుల్‌కు కనిపించకుండా వర్డ్‌ప్రెస్‌లో ఒక టిక్ పెట్టుకుంటాం. తెరిచే రోజు ఆ టిక్ తీసేయాలి. ఆమె దాన్ని నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకుంది.

చట్టం అడిగేవి

సాంచా సరుకును సొంత వెబ్‌సైట్ నుంచి వేరే రాష్ట్రానికి అమ్మితే, అమ్మకం ఎంత తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సోలాపూర్ నుంచి హైదరాబాద్ దగ్గరే, అయినా రాష్ట్రం వేరు. 2025 సెప్టెంబరు 22 నుంచి రేట్లు కూడా మారాయి. ఒక్కోటి 2,500 రూపాయల దాకా ఉన్న చద్దర్లు, టవళ్లకు 5 శాతం. పాత దుకాణం పట్టికను అలాగే దించుకుంటే పాత పన్నులు కూడా దిగుతాయి, సరిచూసుకోవాలి. బిల్లు నంబర్లు ఆర్థిక సంవత్సరంలో వరుస తప్పకుండా, ఒకే నంబరు రెండుసార్లు రాకుండా ఉండాలి.

2020లో వచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల నియమాల ప్రకారం వ్యాపారం పేరు, చిరునామా, ఫోను, వాపసు పద్ధతి, ఫిర్యాదు తీసుకునే మనిషి వివరాలు దుకాణంలో కనిపించాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. సోలాపూర్ చద్దరుకు, టెర్రీ టవలుకు జీఐ గుర్తింపు ఉన్నది. అంతమాత్రాన ప్రతివాళ్లూ ఆ గుర్తు వాడకూడదు. అధీకృత వినియోగదారుగా నమోదైనవాళ్లే వాడాలి.

మిగిలిందేమిటి?

కొత్త దుకాణం తెరిచినంత మాత్రాన అమ్మకాలు రెట్టింపు కాలేదు. డబ్బు కట్టే చోట ఆగిపోవడం మాత్రం తగ్గింది. పాత లింకుల నుంచి జనం వస్తూనే ఉన్నారు. కరీంనగర్‌లో లాడ్జి నడిపే ఒకాయన మూడేళ్ల కిందటి లింకు నొక్కి, అదే టవలు నలభై మళ్లీ తీసుకున్నాడు. నాలుగు సాంచాల్లో మూడు ఇప్పటికీ వ్యాపారి మజూరీ మీదే నడుస్తున్నాయి. ఒకటి మాత్రం సొంత నూలుతో, సొంత పేరుతో నడుస్తున్నది.

మామగారిని అడిగితే "గిర్ని మూతపడ్డనాడు మా చేతిల ఏం మిగల్లే. ఈ దుకాణం రేపు బందైనా పేరు మాది, గిరాకీల లెక్క మాది. ఇంకో కాడ మళ్ల పెట్టుకుంటం" అన్నాడు.

అసలు సంగతి ఇదే. కొనేవాళ్లు ఎవరో తెలియనన్నాళ్లు మనం నేసేవాళ్లం మాత్రమే. వాళ్ల జాబితా, దుకాణం పేరు మన చేతిలో ఉంటేనే మనం అమ్మేవాళ్లం కూడా. వాటిని ఇంకొకరి ఖాతాలో వదిలేస్తే ఆన్‌లైన్ దుకాణం కూడా మజూరీ సాంచానే అవుతుంది.

మీ ఇంట్లో ఇలాంటి దుకాణం ఉంటే, కొత్తగా కట్టే ఆలోచన ఇప్పుడు లేకపోయినా, ఈ వారం మూడు పనులు చేయండి. వెబ్‌సైట్ పేరు ఎవరి ఖాతాలో ఉందో, గడువు ఎప్పుడో కనుక్కోండి. సరుకు జాబితా, కొనేవాళ్ల జాబితా ఫైళ్లుగా దించి రెండు చోట్ల దాచండి. ఏ ఖాతాకు ఏ ఫోను, ఏ ఈమెయిల్ అన్నది నోట్‌బుక్‌లో రాసి, రేషన్ కార్డు, ఇంటి కాగితాలు దాచే డబ్బాలోనే పెట్టండి. పాస్‌వర్డ్‌లు ఇంట్లో ఒక్కరికే తెలిస్తే చాలదు, కనీసం ఇద్దరికి తెలియాలి.